ఒకే పెట్టెలోవి

"పోయింది ఒకటైతే నాలుగూ ఎందుకు పీకుతున్నావురా?" అని అత్తగారు అప్పటికి మూడోసారి అడిగారు.

"ఒకటి తెల్లగా, మూడు పసుపుగా వెలిగితే బాగుంటుందా అమ్మా? హాలనుకుంటారా, రోడ్డు మీద సిగ్నలనుకుంటారా?" మా మరిది స్టూలు మీద నిలబడి, మెడ వెనక్కి వాల్చి మూడో బల్బు తిప్పుతున్నాడు.

"ఎవరనుకుంటార్రా? రోజూ చూసేది మన మొహాలేగా."

పొద్దున టీ దగ్గర మొదలైన తగువు గిన్నెలు కడగడం అయ్యేదాకా సాగింది. మా హాలు మధ్యలో నాలుగు బల్బుల దీపం వేలాడుతుంది. ఆదివారం అందులో ఒకటి ఆరిపోయింది. మరిది నాలుగున్న కొత్త పెట్టె తెచ్చాడు. అత్తగారు ఒక్కటే మార్చమంటారు. మిగతా మూడూ బీరువాలో పెట్టి, ఎప్పుడు ఏది పోతే అప్పుడు దాన్ని మార్చుకోవాలట.

"ఒకే పెట్టెలోవి నాలుగూ ఒకేరోజు వేస్తే నాలుగూ కూడబలుక్కుని ఒకేసారి చస్తాయి. పోయినసారి అట్లాగే కాలేదూ? వారంలో మూడు పోయాయి. కావాలంటే తేదీలు చూడు."

తేదీలు చూడమంటే చూపించగలరు కూడా. ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా అత్తగారు పెన్సిలుతో దానిమీద తేదీ రాస్తారు. బల్బు మెడమీద, చీపురు కర్రమీద, గడియారంలో బ్యాటరీమీద, బాత్రూమ్ చెప్పుల అడుగున. ఏది ఎన్నాళ్లు వచ్చిందో తెలియాలట. పెళ్లయిన కొత్తలో నా వీపుమీద కూడా రాస్తారేమోనని భయపడ్డాను.

"నువ్వు చెప్పు వదినా," అని మరిది నన్ను లాగాడు.

"సెట్టుగా ఉంటేనే బాగుంటుంది అత్తయ్యా," అన్నాను. నాకు ఏదైనా సెట్టుగా ఉండాలి. గ్లాసులైనా, దిండు గలేబులైనా, పిల్ల పుస్తకాల అట్టలైనా.

"సరే, మీరూ మీరూ ఒకటి," అని అత్తగారు పెన్సిలు కొప్పులో దోపుకున్నారు.

అప్పుడే కిందనుంచి ఆ చప్పుడు వినిపించింది. కీచుమని, ఆగి, మళ్లీ కీచుమని. ఆరేళ్లలో నేను ఆ చప్పుడు ఒక్కసారే విన్నాను, పెట్టె కొత్తగా వచ్చినరోజు, ఎట్లా మోగుతుందో చూపించడానికి మోగించినప్పుడు.

మేం పైన ఉంటాం, కింద మా స్కానింగు సెంటరు. మామగారు ఒక్క ఎక్స్‌రే మిషనుతో మొదలుపెట్టారు. ఇప్పుడు డాక్టరైన మా బావగారు ఫోటోలు చూసి రిపోర్టులు రాస్తారు. మా ఆయన మిషన్లు నడుపుతారు. అక్క, అంటే నా తోడికోడలు, కౌంటర్లో కూర్చుంటుంది. మరిది కొనుగోళ్లూ రిపేర్లూ చూస్తాడు. మెట్లకింద ఉన్న చిన్న చల్లగదీ, అందులో ఉన్న నల్ల పెట్టే నావి. ఆ గదిలో ఎప్పుడూ చలే, అందుకే తలుపు వెనకాల నా స్వెట్టరు వేలాడుతుంటుంది.

ఆ పెట్టెలో ఆరు అరలు, అరకొక డిస్కు. సెంటరు తీసిన ప్రతి ఫోటో ముక్కలై ఆ ఆరింటిలోనూ సర్దుకుంటుంది. ఆరింటిలో ఒకటి చచ్చిపోయినా మిగతా అయిదూ కలిసి దాని వాటా లెక్కకట్టి చెప్పగలవు. కొత్త డిస్కు పెడితే ఆ వాటా దాంట్లో మళ్లీ రాసేస్తాయి. కానీ ఆలోగా రెండోది పోయిందంటే ఇక ఏ డిస్కూ ఏమీ చెప్పలేదు. అంతా గుండుసున్నా.

నేను దిగేసరికి అయిదు ఆకుపచ్చ దీపాలు, ఒక ఎర్ర దీపం. మూడో అర.

ఎర్ర దీపం చూడగానే నాకు గుర్తొచ్చింది పెట్టె కాదు, మా అమ్మాయి గది. ఆరేళ్ల కిందటిదాకా అది ఫిల్ముల గది. నేలనుంచి కప్పుదాకా పాత ఎక్స్‌రే ఫిల్ములు, ఒక్కో కవరుమీద ఒక్కో పేరు. నేను ఏడాదిపాటు కూర్చుని వాటన్నిటినీ ఈ పెట్టెలోకి ఎక్కించాను. తర్వాత, "ఫిల్ములు ఇంక అక్కర్లేదు, అన్నీ ఇందులో ఉన్నాయి, నాది పూచీ," అని అందరిముందూ చెప్పి గది ఖాళీ చేయించాను. బావగారు వద్దన్నారు. నేనే పట్టుబట్టాను. పిల్ల పెద్దదవుతోంది, దానికొక గది కావాలని.

వేరేచోట కాపీ లేకపోలేదు. కానీ అందులో చివరి రెండేళ్లవే పట్టాయి. ముందువి తర్వాత చూద్దామనుకున్నాను. ఆ మాట మా ఆయన నోట ఎక్కువ వినిపిస్తుంది, అందుకే అక్క ఆయన్ని 'చూద్దాంగారు' అంటుంది. ఈ విషయంలో చూద్దాంగారి భార్య కూడా అంతే.

పదకొండింటికి బావగారు తన గదిలోంచి పిలిచారు. ఎదురుగా రిటైరయిన లెక్కల టీచరమ్మ, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని బిగుసుకుపోయి కూర్చుంది. తెరమీద ఆవిడ ఊపిరితిత్తుల ఫోటో. కుడివైపున శనగగింజంత మచ్చ.

"ఈవిడది పాతదేమైనా ఉందా?"

వెతికాను. ఏడేళ్ల కిందటిది దొరికింది, నేను ఫిల్మునుంచి ఎక్కించినదే. బావగారు రెండిటినీ పక్కపక్కన పెట్టి, కొలిచి, కళ్లజోడు తీశారు.

"అప్పుడూ ఇంతే ఉందమ్మా. పెరగలేదు. ఎప్పటిదో పాత మచ్చ. సూదులూ గీదులూ ఏమీ అక్కర్లేదు."

టీచరమ్మ సంచీమీద చేతులు వదులయ్యాయి. ఆ పాత ఫోటో లేకపోతే ఆవిణ్ణి ఎక్కడికి పంపేవారో నాకు తెలుసు. ఆ సంగతి తెలిసే మెట్లకింద గదిలోకి వెళ్లి మళ్లీ ఒకసారి దీపాలు లెక్కపెట్టుకున్నాను. అయిదు, ఒకటి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మాట బయటపెట్టాను. బావగారు అన్నం కలుపుతూనే, "అయితే మీ తమ్ముడికి పండగే," అన్నారు.

తమ్ముడంటే మా పిన్ని కొడుకు. ఆ పెట్టె అమ్మిన కంపెనీలోనే సర్వీసు చూస్తాడు. ఆ కంపెనీ పెట్టె కొందామన్నది నేనే కాబట్టి, ఆరేళ్లుగా ఈ ఇంట్లో నాకూ తమ్ముడికీ మధ్య ఏదో కమీషను నడుస్తోందన్న అనుమానం ఉంది. ఎవరూ సూటిగా అనరు. కంపెనీ పేరు ఎత్తినప్పుడల్లా అక్క ఒకసారి బావగారి మొహం చూస్తుంది, అంతే.

"ఫోన్ చేసి కనుక్కుంటాను. చేస్తే తప్పేముంది?" అన్నాను.

"తప్పని ఎవరన్నారు?" అన్నారు బావగారు.

తమ్ముడు ఫోనెత్తగానే చెప్పేశాడు. "మా కంపెనీ డిస్కే పెట్టాలక్కా. బయటి డిస్కు పెడితే పెట్టె ఒప్పుకోదు. బలవంతంగా పెడితే మొత్తం పోవచ్చు."

"మరి మీది ఎప్పుడొస్తుంది?"

"ఆ రకం ఇప్పుడు స్టాకు లేదు. మూడు వారాలు పట్టొచ్చు."

"మూడు వారాలు అయిదు డిస్కులమీద నడపమంటావా?"

"నడుస్తుందిలే అక్కా. కాకపోతే కొత్త పెట్టె తీసుకోండి. ఈ మోడలు ఎట్లాగూ పాతదైపోయింది."

ఆ చివరిమాట నాకు నచ్చలేదు. పాలు విరిగాయంటే గేదెనే మార్చమన్నట్టుంది. ఫోను పెట్టేసి, పెట్టెతోపాటు వచ్చిన పుస్తకం తీసి, అందులో రాసి ఉన్న కంపెనీ సైటు తెరిచాను. గంటసేపు తవ్వితే దొరికింది. ఏ ఏ తయారీవాళ్ల ఏ ఏ డిస్కులు మా పెట్టెకు సరిపడతాయో జాబితా. ఇరవైమూడు రకాలు. అన్నీ బయటివే.

మళ్లీ ఫోన్ చేశాను. "ఒరేయ్, జాబితా ఉందిగా?"

"నన్ను ఏం చెప్పమన్నారో అదే చెప్పానక్కా. నేను ఉద్యోగం చేసుకోవాలిగా."

"అక్కకి కూడా అదే చెప్తావా?"

"నువ్వు సెంటరు నంబరునుంచి చేశావు, అప్పుడు అక్కవి కాదు, కస్టమరువి," అన్నాడు. నవ్వించడానికన్నాడేమో. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం జాబితాను అక్షరం అక్షరం చదివాను. ఒకే తయారీ, ఒకే సైజు డిస్కులు రెండున్నాయి. పేర్లలో చివరి రెండు అక్షరాలే తేడా. ఒకటి జాబితాలో ఉంది, రెండోది లేదు. ఎందుకు లేదో వెతికితే తెలిసింది. ఆ రెండోది ఇంటిపైకప్పు పెంకుల్లా ఒక వరసమీద ఇంకో వరస కొంచెం ఎక్కేటట్టు రాస్తుంది. ఒక్క పెంకు మార్చాలంటే దానిమీదవన్నీ కదపాలి. ఇంట్లో సినిమాలు దాచుకోవడానికి బాగానే ఉంటుంది. మా పెట్టెలో పెడితే, అది పెంకులు సర్దుకునేలోపు పెట్టెకు ఓపిక చచ్చి, డిస్కు చచ్చిందనుకుని బయటికి నెట్టేస్తుంది.

సరైన పేరు పెద్ద అక్షరాల్లో కాగితంమీద రాసి, చివరి రెండక్షరాలకింద రెండు గీతలు గీసి మరిదికిచ్చాను. "ఇదే కావాలి. ఇట్లాంటిది అంటే వద్దు. దీని అన్నయ్య అన్నా వద్దు, తమ్ముడన్నా వద్దు."

"తమ్ముళ్లంటే ఈ మధ్య పడటం లేదన్నమాట," అన్నాడు మరిది, కాగితం జేబులో పెట్టుకుంటూ. నిజానికి అతను చాలా సరదా మనిషి. నేనే ఆ రోజుల్లో ఎవరి సరదానీ సరదాగా తీసుకునే స్థితిలో లేను.

మర్నాడు పదింటికల్లా రెండు డిస్కులు తెచ్చాడు. ఒకటి వాడటానికి, ఒకటి దగ్గర ఉంచుకోవడానికి. ప్లాస్టిక్ కవరు, సీలు, లేబులు, పేరు చివర నా రెండక్షరాలు, అన్నీ ఉన్నాయి. అన్నీ ఉండటమే నాకు నచ్చలేదు. తమ్ముడి తర్వాత నాకు కళ్లు మారిపోయాయి.

దీపంకింద పెట్టి చూశాను. లేబులు ఒకమూల వెంట్రుకవాసి వంకర. ఫ్యాక్టరీలో మిషను అంటించినది వంకరగా ఉంటుందా? అరలో బిగించే మరల చోట గోటితో గీసినంత సన్నటి మెరుపు. ఎవరో ఒకసారి బిగించి విప్పినట్టు. వాసన కూడా చూశాను. కొత్త వస్తువు వాసన లేదు, ఏదో తుడిచే మందు వాసన.

నా కంప్యూటరుకు తగిలించి చూశాను. డిస్కు తాను ఎన్ని గంటలు తిరిగిందో తనలో రాసుకుంటుంది. సున్నా అని చూపించింది. ఇంకొకరైతే అక్కడితో ఆగుతారు. కానీ తయారీవాళ్లు తమ పరీక్షలకోసం లోపల వేరే లెక్క ఒకటి పెట్టుకుంటారు. పైలెక్క చెరిపేవాళ్లు దాని జోలికి సాధారణంగా పోరు. దాన్ని తెరిచాను.

ముప్పయ్యొక్క వేల గంటలు. అంటే మూడున్నరేళ్లు పగలూ రాత్రీ ఎక్కడో తిరిగి, ఒళ్లు హూనమై, మొహం కడుక్కుని మా ఇంటికొచ్చింది. రెండోదీ అంతే, నూరు గంటలు అటూ ఇటూ.

పైన పటారం, లోన లొటారం అంటారే, అదే.

భోజనాలకు అందరూ కూర్చున్నాక అడిగాను. అందరిముందూ అడిగి ఉండకూడదు. కానీ ఆరేళ్లుగా ఆ బల్లచుట్టూ నామీద తిరిగిన చూపులు ఒక్కరోజైనా ఇంకోవైపు తిరగాలని లోపలెక్కడో ఉందేమో.

"ఆ డిస్కులు వాడినవి. నీకు తెలుసా?"

మరిది ముద్ద నోటిదగ్గర ఆగింది. "తెలిసి తెచ్చానంటావా వదినా?"

"అనడం లేదు, అడుగుతున్నాను. అచ్చం అదే రకం నీకు పదింటికల్లా ఎట్లా దొరికింది?"

"నువ్వు రాసిచ్చావుగా! కాగితం చూపించాను, లోపలికెళ్లి తెచ్చిచ్చాడు."

"సీలు చూశావా?"

"చూశాను. సీలు ఉంది. సీలుకింద ఏముందో చూడటానికి నా కళ్లేమైనా నీ స్కానింగు మిషన్లా?"

"ఇంటిదొంగను..." అని బావగారు ఏదో అనబోయారు.

"అన్నయ్యా, ఆ సామెత పూర్తిచేశావంటే నేను లేచిపోతాను," అన్నాడు మరిది. పూర్తి కాకముందే లేచిపోయాడు. కంచంలో అన్నం సగం అట్లాగే ఉంది.

"అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా?" అంది అక్క, ఎవరివైపూ చూడకుండా.

అత్తగారు ఆ కంచంమీద మూతపెట్టారు. "మనుషులకు కూడా సీలుండాలంటే ఎట్లాగమ్మాయ్?" అని మాత్రం అన్నారు.

మా ఆయన చెయ్యి కడుక్కుంటూ, "చూద్దాం," అన్నారు.

నాలుగింటికి నేనే మరిది గదికి వెళ్లాను. "ఆ దుకాణానికి నన్ను తీసుకెళ్తావా?"

"నేను అబద్ధం చెప్పానో లేదో చూడటానికా?"

"అవును," అన్నాను. కాదంటే అబద్ధమవుతుంది.

అతను బండి తాళాలు తీసుకున్నాడు.

ఎలక్ట్రిక్ సామాన్ల వీధిలో, మెట్లు దిగి వెళ్లాల్సిన నేలమాళిగ దుకాణం అది. గోడలనిండా వైర్ల చుట్టలు. దుకాణదారు మెడలో చిన్న టార్చి వేలాడేసుకున్నాడు. నేను సంచీలోంచి రెండు డిస్కులు తీసి బల్లమీద పెట్టాను. నోరింకా తెరవలేదు.

"ఇవి మావి కావు," అన్నాడు అతను.

"ఏమైందని అడగవా?" అన్నాడు మరిది.

అతని చూపు మరిదిమీదికి వచ్చి, గుర్తుపట్టి, పక్కకి జరిగింది. "ఆహా, మీరా. అయితే వేరే పెట్టెలోంచి ఇస్తాను. వీటికేం, ఇవీ మంచివే. అది ఆగుతుందా, తిరుగుతుందా అన్నది మనకు ముఖ్యం గానీ..."

"గంటలు ఎవరు చెరిపారు?" అని అడిగాను.

"ఏ గంటలండీ?" అన్నాడు. టార్చిని వేళ్లమధ్య వెలిగించాడు, ఆర్పాడు. "డబ్బు వెనక్కి కావాలంటే ఇచ్చేస్తాను." మేం అడగకముందే సొరుగు లాగాడు.

బయటికొచ్చి బండి దగ్గర నిలబడ్డాం. మరిది చెవులు ఎర్రబడ్డాయి. "గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నాడు చూడు. నేను రెండేళ్లుగా వీడి దగ్గరే కొంటున్నాను వదినా. ఇంకేమేం అంటగట్టాడో."

"నేను నిన్ను అందరిముందూ అడగకుండా ఉండాల్సింది."

"అడిగావు, అయిపోయింది," అన్నాడు. క్షమించినట్టు లేదు, కానీ బండి మాత్రం నేను ఎక్కేదాకా కదపలేదు.

ఇంకో మూడు దుకాణాలు తిరిగాం. అతను బేరమాడుతుంటే నేను లేబులు అంచులు చూశాను. ఒకచోట లేదన్నారు. ఒకచోట ఉన్నది పెంకుల రకం, చివరి అక్షరాలు వేరు. "రెండూ ఒకటే మేడమ్," అన్నాడతను. "ఒకటే అయితే రెండు పేర్లెందుకు పెట్టారు?" అని మరిదే అడిగాడు. చివరి దుకాణంలో ఒక్కటే దొరికింది. ఆ అమ్మాయి తన దగ్గర ఉన్న కంప్యూటరుకే తగిలించి రెండు లెక్కలూ చూసుకోనిచ్చింది. సున్నా, సున్నా. అయినా ఇంటికి తెచ్చి ఒకరోజంతా ఈ చివరనుంచి ఆ చివరదాకా రాయించి, చదివించి, అప్పుడు నమ్మాను. నమ్మానంటే, అనుమానించడానికి ఇంకేమీ మిగల్లేదు.

గురువారం సాయంత్రం ఆఖరి పేషెంటు వెళ్లిపోయాక కొత్త డిస్కు పట్టుకుని పెట్టె ముందు కూర్చున్నాను. చచ్చిపోయిన డిస్కు అర బయటికి లాగాను. ఇక కొత్తది బిగించి తోస్తే చాలు. పెట్టె తన పని తాను మొదలుపెడుతుంది. ఒక పగలు, ఒక రాత్రి, అంతే.

"ఇదేనా పోయింది?"

అత్తగారు గుమ్మంలో ఉన్నారు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ కిందికి దిగడమే తక్కువ. నా స్వెట్టరు తీసి భుజాలమీద వేసుకుని, కొప్పులోంచి పెన్సిలు తీశారు.

"కొత్తదానిమీద తేదీ వేద్దామని వచ్చాను. నువ్వు మర్చిపోతావు."

అర అందించాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశారు. "ఇదెవరిదీ, నా రాతే!"

ఆరేళ్లకిందట పెట్టె వచ్చినరోజు కూడా ఆవిడ పెన్సిలు పట్టుకుని దిగారు. నవ్వుకుంటూ అరలన్నీ లాగి ఆవిడముందు పెట్టాను. ఒక్కోదానికీ తెల్లకాగితం ముక్క అంటించి తేదీలు రాశారు.

"మిగతావాటిమీద ఏముంది?"

"అదే తేదీ అత్తయ్యా. ఆరూ ఒకే రోజు వచ్చాయిగా."

"ఒకే పెట్టెలోంచా?"

నేను చెప్పక్కర్లేకుండానే ఆవిడకు తెలుస్తోందని నాకు తెలుస్తోంది. ఒకే పెట్టెలోంచే. నేనే అడిగాను, విడివిడివి వద్దు, సెట్టు కావాలని. తయారీ నంబర్లు కూడా వరసగా ఉన్నాయి, నలభై ఒకటినుంచి నలభై ఆరుదాకా. ఎంత ముచ్చటగా ఉన్నాయో అని మా ఆయన్ని పిలిచి చూపించాను.

"మరి ఆ అయిదూ బాగున్నాయని ఎవరు చెప్పారు?"

"దీపాలు ఆకుపచ్చగానే ఉన్నాయిగా."

"హాల్లో బల్బు కూడా ఆరేదాకా వెలుగుతూనే ఉందమ్మాయ్."

అర ఆవిడ చేతిలోంచి తీసుకుని బల్లమీద పెట్టాను. నాలుగు రోజులుగా లేబులు మూలలు చూశాను, మరల చోట్లు చూశాను, తమ్ముడి గొంతులో తేడా చూశాను, మరిది కంచంలో అన్నం చల్లారబెట్టాను. పెట్టెలో తిరుగుతున్న ఆ అయిదింటి లోపలి లెక్క మాత్రం ఒక్కసారి కూడా తెరవలేదు. అవి నావి. నేను కొన్నవి.

తెరిచాను. మొదటిది శుభ్రంగా ఉంది. రెండోదీ అంతే. నాలుగో దాంట్లో పాడైపోయి వదిలేసిన చోట్లు రెండువందల పన్నెండు. అయిదో దాంట్లో నలభై ఎనిమిది. ఆరోది శుభ్రం. ఉన్న అయిదింటిలో రెండు, లోపల ఒక్కో గది తలుపు మూసుకుంటూ, బయటికి ఆకుపచ్చగా నవ్వుతున్నాయి.

కొత్త డిస్కు ఇప్పుడు తోసి ఉంటే, దాన్ని నింపడానికి ఈ అయిదూ చివరి అంగుళందాకా తమను తాము చదువుకోవాలి, ఒక పగలు, ఒక రాత్రి, ఊపిరి తీసుకోకుండా. మధ్యలో ఆ నాలుగోది కూలబడితే టీచరమ్మ మచ్చా లేదు, ఎవరి మచ్చా లేదు. మా అమ్మాయి గది మాత్రం ఉంటుంది.

"ఏం చేస్తావు?" అన్నారు అత్తగారు.

"ముందు పాతవన్నీ మన కంప్యూటర్లలో ఖాళీ ఉన్న డిస్కుల్లోకి తీస్తాను అత్తయ్యా. అట్లా తీస్తుంటే మధ్యలో ఇంకోటి పోయినా, అప్పటిదాకా తీసినవి మిగులుతాయి. ఆ తర్వాతే ఇది పెడతాను. కానీ అది అయ్యేదాకా పెట్టెకు ఇంకే పనీ చెప్పకూడదు. కొత్త ఫోటోలు తీయకూడదు."

"పెద్దోడు ఒప్పుకోడు. తన పెళ్లిరోజునే మధ్యాహ్నందాకా తెరిచాడు."

"తెలుసు."

ఆవిడ కొత్త డిస్కు తీసుకుని, దానిమీద ఆవేళ తేదీ రాసి, ఊది, నా చేతిలో పెట్టారు. తర్వాత గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కారు.

రాత్రి భోజనాలకు అందరం కూర్చున్నాం. హాలు దీపంలో మూడు తెల్లగా, ఒకటి పసుపుగా వెలుగుతున్నాయి. స్టూలు గోడకు వారగా ఉంది. పసుపుది ఎవరు మళ్లీ పెట్టారో ఎవరూ అడగలేదు. మరిది మాత్రం తలెత్తి ఒకసారి చూసి, కూర వడ్డించుకున్నాడు.

బావగారు మర్నాటి పేషెంట్ల జాబితా అక్కకు చెబుతున్నారు. తొమ్మిదింటికి మోకాలు, తొమ్మిదిన్నరకు పొట్ట. ఆయన ఆగేదాకా చూశాను.

"ఆరు డిస్కులూ ఒకే పెట్టెలోంచి తెప్పించింది నేనే," అన్నాను. "ఒకటి పోయింది. ఇంకో రెండు పోవడానికి సిద్ధంగా ఉన్నాయి. ఈ సాయంత్రమే చూశాను. ముందే చూడాల్సింది, చూడలేదు. ఇందులో మరిది తప్పూ లేదు, మా తమ్ముడి తప్పూ లేదు."

మరిది చెయ్యి కంచంలో ఆగింది. మా ఆయన నోరు తెరిచారు. 'చూద్దాం' బయటికి రాలేదు.

"అయితే?" అన్నారు బావగారు.

"రేపూ ఎల్లుండీ సెంటరు మూసేస్తున్నాం బావగారూ. పాత ఫోటోలన్నీ బయటికి తీసేదాకా మిషన్లు నడవవు. రేపు రావలసినవాళ్లకు అక్క ఫోన్లు చేస్తుంది. ఆ తర్వాత కావలసిన డిస్కులు నేనూ మరిదీ వెళ్లి తెస్తాం, ఒక్కో దుకాణంలో ఒక్కోటి."